మేస్త్రి చేత్తో పోసింది

నెల్లిమర్ల,
మార్చి 4

చిరంజీవి శ్రావణికి నాన్న ఆశీర్వదించి రాసేది.

నేను ఫోన్ ఎత్తడం లేదని అమ్మ దగ్గర బాధపడ్డావట. ఎత్తను. ఫోన్లో అయితే నేను అరుస్తాను, నువ్వు ఏడుస్తావు, అమ్మ మధ్యలో ఫోన్ లాక్కుని ఏం కూర వండావని అడుగుతుంది. కాగితం మీదయితే నా మాట చివరిదాకా నడుస్తుంది. పదో తరగతి చదివినవాణ్ణి, నా చేతిరాత నీ చేతిరాత కంటే బాగుంటుందని నువ్వే ఒప్పుకున్నావు కూడా.

మొన్న ఆదివారం గరివిడి నుంచి నువ్వూ అల్లుడు రమేష్‌బాబూ వచ్చి, గోడలు లేచాయి, స్లాబుకి మంచిరోజు చూడు నాన్నా అన్నప్పుడు నా ఛాతీ ఎంత పొంగిందో నీకు తెలియదు. నెల్లిమర్ల నుంచి చీపురుపల్లి దాకా ఎన్ని ఇళ్లకి స్లాబు వేశానో నాకే గుర్తులేదు. ఏ ఒక్కటీ కారలేదు. సొంత కూతురి ఇంటికి వెయ్యబోయేది మాత్రం ఇదే. ఆ సంబరంలో ఉన్నవాణ్ణి అన్నం ముందు నుంచి లేపేశావు. నువ్వు పనిచేసే పల్లెటూరి ఆసుపత్రిలో మగవాళ్లని అడిగే ప్రశ్నలే నన్నూ అడిగావు. వారానికి ఎన్నిసార్లు, ఒకసారికి ఎంత, తాగని రోజున ఎలా ఉంటుంది. అదీ అల్లుడి ముందు. ఆపైన నీ షరతు చెప్పావు. “నాన్నా, స్లాబు నువ్వే ఎయ్యాలి. గానీ మా స్లాబు మీద సీసా అగుపించకూడదు. అగుపించిందంటే వేరే మేస్త్రిని ఎట్టుకుంటాం.”

నన్ను తాగుబోతన్నావని కాదు నా కోపం. ఆ మాట నువ్వు అనలేదు. తాగుబోతులు ఊరికి కొద్దిమందే, వాళ్లని అందరూ గుర్తుపడతారు, నా భయం మిగతావాళ్ల గురించి అన్నావు. వేళకి పనికి వెళ్తూ, వేళకి తాగుతూ, మాకేం కాలేదులే అనుకునేవాళ్లే ఏ ఊళ్లో చూసినా ఎక్కువమంది ఉన్నారనీ, లోపల పాడయ్యాక గానీ ఆసుపత్రి గుమ్మం ఎక్కరనీ అన్నావు. ఆ గుంపులో నన్ను కలిపేశావు. ఏం చూసి కలిపావు? నేను రోడ్డు మీద పడ్డానా? మీ అమ్మ మీద చెయ్యెత్తానా? కూలి డబ్బు ఇంటికి తేకుండా ఉన్నానా? నీ నర్సింగు చదువు నా తాపీ మీద నడిచిందా, లేదా? పని అయ్యాక అలుపు తీరడానికి అందరూ తాగినంతే నేనూ తాగుతున్నాను. కాంక్రీటు పనిలో తాగని మేస్త్రిని ఒక్కణ్ణి చూపించు. పేరు చెప్పు, వెళ్లి చూసొస్తాను.

స్లాబు రోజున సీసా ఎందుకో నీకు తెలియకపోతే చెబుతాను. పొద్దున్నే మిక్సరుకి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టిన దగ్గర్నుంచి ఆఖరి మూల చదునుగా బద్ద లాగేదాకా పని ఆగకూడదు. ఆగిందంటే పాత కాంక్రీటు కొత్త కాంక్రీటు కలవక అక్కడ గీత పడుతుంది, ఆ గీతలోంచి ఆ ఇల్లు బతికినన్నాళ్లూ నీళ్లు కారతాయి. అంత చాకిరీ చేసినవాళ్లని ఇంటివాళ్లు ఉత్త చేతులతో పంపరు. వేటమాంసం కూర, సీసాలు ఇస్తారు. అప్పుడు మేస్త్రి సిమెంటు సంచి పరుచుకుని కూర్చుని, అందరిలో పెద్దవాడితో మొదలుపెట్టి, తన చేత్తో పొయ్యాలి. గీత గీసినట్టు సమంగా పొయ్యాలి. ఒకణ్ణి దాటేస్తే వాడికి అవమానం, పోసింది వద్దంటే మేస్త్రికి అవమానం. నరసింగరావు చేతిలో ఎక్కువ తక్కువలు ఉండవని ఈ చుట్టుపక్కల పేరు. ఆ పేరు నీకు కిట్టడం లేదు.

సరే. వచ్చేవారం చీపురుపల్లిలో జగన్నాధం మాస్టారి ఇంటి స్లాబు ఉంది. అక్కడ మా జట్టుని అడుగుతాను. మందు వద్దు అనేవాడు ఒక్కడు దొరికినా మీసం తీసేస్తాను. దొరక్కపోతే మంచి పొట్టేలు, మంచి సరుకు తెప్పించు, నీ స్లాబు నేను వేస్తాను. అల్లుణ్ణి అడిగానని చెప్పు.

మీ నాన్న,
నరసింగరావు మేస్త్రి


నెల్లిమర్ల,
మార్చి 19

అమ్మా శ్రావణీ,

ఈ ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. మొదటిది గెలిచానని రాశాను. రెండోది ఏం రాశానో చదివితే నాకే నచ్చలేదు.

మాస్టారి స్లాబు పొద్దు వాలకముందే ముగిసింది. కూర కుండ దిగింది, సీసాలు వచ్చాయి. నేను సంచి మీద కూర్చుని, సీసా మూత తిప్పి, మా అమ్మాయి ఇలా అంటున్నాది, మీలో ఎవరికైనా వద్దనిపిస్తే చెప్పండిరా అని అడిగాను. అందరూ నవ్వారు. తడి కాంక్రీటుని కుదిపి సర్దే వైబ్రేటరు పట్టే గంగులయితే, ఆసుపత్రోళ్ల మాట వింటే మంచినీళ్లు కూడా చెంచాతో తాగాలి అన్నాడు. నేనూ నవ్వాను. నా మీసం నాకు మిగిలిందని దువ్వుకున్నాను కూడా.

కాంక్రీటు గమేళాలు అందించే ఆడవాళ్లు అప్పటికే అన్నం పొట్లాలు పట్టుకుని ఆటో దగ్గరికి వెళ్తున్నారు. వాళ్లలో పెద్దది అసిరమ్మ నీకు తెలుసు కదా, నీ చిన్నప్పుడు నిన్ను ఇసకపోగు మీద కూర్చోబెట్టి ఆడించేది. ఆవిడ నా పక్కన ఆగింది.

“సీసా సేతిలో ఎట్టుకొని వద్దా అని అడిగితే, వద్దని ఎవుడు సెప్తాడు మేస్త్రీ?” అంది. అని వెళ్లిపోయింది.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అందుకే ఒక పని చేశాను. అందరికీ ఎప్పటిలాగే పోసి, నా గ్లాసు బోర్లించాను. కడుపు బాగాలేదు, మీరు కానివ్వండి అన్నాను. కానివ్వలేదమ్మా. జట్టు మగవాళ్లలో పెద్దవాడు సోములు గ్లాసు పట్టుకుని నా వైపు చూస్తూ కూర్చున్నాడు. వాణ్ణి చూసి పక్కవాడు ఆగాడు. గంగులూ ఇంకో ఇద్దరూ తాగారు. మిగతా గ్లాసులు సంచి ముందు అలాగే ఉండిపోయాయి. మేస్త్రి ముట్టనిది మేమెలా ముడతాం అని ఒకడు గొణిగాడు. కాసేపటికి కూర తిని ఒక్కొక్కడే లేచి వెళ్లిపోయారు. ఏ గొడవా లేదు, ఎవరూ అలగలేదు. ఇళ్లకి తొందరగా వెళ్లారు, అంతే.

సోములు నా బండి మీదే ఇంటికి వస్తాడు. దారిలో బండి ఆపి, ఎందుకు తాగలేదని అడిగాను. వాడు బండి దిగి నిలబడి చెప్పాడు.

“డాక్టరు వద్దన్నాడు అన్నా. ముందటేడే సెప్పాడు, కాలేయం వాసిపోనాదని. నువ్వు పోస్తే కాదనడం ఎలగ? నీకు చిన్నతనం కాదేటి? నీకోసరమే తాగతన్నాను.”

వాళ్లకి అలుపు తీరాలని నేను పోస్తున్నాను అనుకున్నాను. నా పరువు నిలబడాలని వాళ్లు తాగుతున్నారు. వాళ్లు తాగుతున్నారు కదా అని నేను తాగుతున్నాను. వద్దనే ఒక్క మాట ఎవరో ఒకరు ముందు అంటే సరిపోయేది. ఎవరూ అనలేదు, నేను అననివ్వలేదు.

నువ్వు చిన్నప్పుడు నీళ్లు నింపిన లెవెల్ పైపు ఒక కొస పట్టుకునేదానివి గుర్తుందా? పైపులో గాలి బుడగ ఉంటే ఏమవుతుందో నేనే నీకు చెప్పాను. ఈ గోడకీ ఆ గోడకీ గుర్తులు పెట్టేస్తాం, అన్నీ సరిపోయినట్టే ఉంటాయి, ఇల్లు మాత్రం ఒక పక్కకి ఒరుగుతుంది. అందరూ తాగినంతే తాగుతున్నానని నీతో అన్నాను. ఆ అందరూ ఎవరు? నా చేత్తో నేను పోసినవాళ్లే. వాళ్లతో నన్ను కొలుచుకుని సమంగా ఉన్నాననుకున్నాను.

ఇంతవరకూ మీ అమ్మ నలుగురికీ చెప్పుకున్నా ఫర్వాలేదు. ఇప్పుడు రాసేది నీకు మాత్రమే. గ్లాసు బోర్లించాను కదా, ఇక బోర్లించే ఉంచుదాం, నా వల్ల కాదా అనుకున్నాను. మర్నాడు పొద్దున్న టీ గ్లాసు పళ్లెంలో టకటకమని కొట్టుకుంది. నా చెయ్యి వణుకుతోంది తల్లీ. తూకం గుండు పడితే కదలని చెయ్యి. చొక్కా తడిసేంత చెమట. మీ అమ్మ చూసి గ్లాసు తీసుకుని గిన్నెలో పోసి ఇచ్చింది. అంత మామూలుగా ఇవ్వడం చూస్తే, ఇలా అవుతుందని ఆవిడకి ముందే తెలుసనిపించింది. నీ మూడో ప్రశ్న, తాగని రోజున ఎలా ఉంటుంది అన్నది, దానికి నీ మొహం మీద అబద్ధం చెప్పలేదమ్మా. తాగని రోజంటూ లేదు కాబట్టి నాకు తెలియదు. తెలిశాక సిగ్గేసింది. నేను సిగ్గుపడడం నాకు అలవాటు లేని పని, దానికే ఎక్కువ కోపం వచ్చింది.

విజయనగరం పెద్దాసుపత్రికి నేనూ అమ్మా వెళ్లాం. నీకు తెలిసినవాళ్లు ఉంటారేమోనని నీ పేరు చెప్పలేదు. డాక్టరమ్మ మందులిచ్చింది. ఇలా సొంతంగా ఒక్కసారే మానెయ్యడం ప్రమాదం, ముందే రావాల్సింది, ఇప్పటికైనా వచ్చారు అంది. తన ముందు కూర్చునేవాళ్లలో నా వంటివాళ్లే ఎక్కువని కూడా చెప్పింది. మీ ఇద్దరూ ఒకే బడిలో చదివినట్టున్నారు. చెయ్యి ఇప్పుడు కుదురుకుంటోంది. ఈ అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది.

నాన్న


నెల్లిమర్ల,
ఏప్రిల్ 6

అమ్మా శ్రావణీ,

ఎల్లుండి నీ స్లాబు. అందుకని టూకీగా రాస్తున్నాను.

జట్టుని నిన్న మన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టాను. చేతిలో ఏమీ పెట్టుకోలేదు, అసిరమ్మ మాట గుర్తుంది. శ్రావణి ఇంటి స్లాబు మీదే కాదు, ఇకమీదట నా ఏ స్లాబు మీదా సీసా ఉండదు, ఆ ఖర్చు కూలిలో కలిపి ఇమ్మని ఇంటివాళ్లని నేను అడుగుతాను, నచ్చనివాళ్లు వేరే జట్టుకి వెళ్లొచ్చు, నాకు కోపం లేదు అని చెప్పాను. కోపం లేదన్నది అబద్ధం. గంగులు లేచాడు. స్లాబు పడ్డాక ఆ కాస్తా లేకపోతే ఇంత వళ్లు విరగ్గొట్టుకోడం దేనికి అన్నా అన్నాడు. ఇంకో ఇద్దర్ని తీసుకుని వెళ్లిపోయాడు. వాడికి పని నేర్పింది నేను. వాడి పెళ్లిలో పందిరి వేసింది నేను. గేటు దాటేదాకా వాడి వీపు చూస్తూనే ఉన్నాను.

వైబ్రేటరు పట్టేవాడు లేకుండా, ముగ్గురు తక్కువతో, ఈ ఎండల్లో, ఆగకుండా స్లాబు ముగించాలి. ఆగితే గీత పడేది నా కూతురి నెత్తి మీద. మీ అమ్మ వేరే మేస్త్రిని కలుపుకోమంది. కలుపుకుంటే వాడి జట్టు సీసా అడుగుతుంది. కలుపుకోను. వైబ్రేటరు నేనే పడతాను. సోములు బద్ద లాగుతాడు. గమేళాలకి ఇంకొందరు ఆడవాళ్లని అసిరమ్మ తెస్తానంది. నా చెయ్యి నిలుస్తుందా అని నువ్వు అడగబోతున్నావు. నిలుస్తుంది.

మీసం సంగతి మర్చిపోలేదు. సోములు వద్దన్నాడు కాబట్టి పందెం నేను ఓడిపోయాను. స్లాబు అయ్యాక తీస్తాను. మీసం లేకుండా కాంక్రీటు మీద నిలబడి కేకేస్తే నా మాట ఎవరూ వినరు.

ఒక్కటి మాత్రం మార్చను. పని అయ్యాక సంచి పరుచుకుని కూర్చుని నా చేత్తో పోస్తాను. అది మా పద్ధతి. ఏం పొయ్యాలో మీ అమ్మ చూసుకుంటానంది.

మీ ఇంటి మేస్త్రి,
నరసింగరావు


గరివిడి,
ఏప్రిల్ 10

నాన్నకి, నీ పాప శ్రావణి రాసుకునే జవాబు.

నువ్వు మూడు రాశావు, నేను ఒక్కటీ రాయలేదు. ఫోన్ చేస్తే ఇప్పుడు ఎత్తుతావని తెలుసు. కానీ ఫోన్లో అయితే నేను ఏడుస్తాను, నువ్వు అన్నది నిజమే. స్లాబు రోజున నీతో చెప్పడానికి వీలు కాలేదు. నువ్వు పైనే ఉన్నావు, దిగాక అందరి మధ్యా ఉన్నావు, తర్వాత జట్టుతో ఆటో ఎక్కేశావు.

నేను పొద్దుటి నుంచీ కిందే నిలబడి నీ చేతులే చూశాను. నర్సుని కదా, చెయ్యి చూస్తే నాకు తెలుస్తుంది. ఆ వైబ్రేటరు గొట్టం కాంక్రీటులో దిగినప్పుడల్లా నా గుండె కూడా దిగింది. మధ్యాహ్నం ఎండలో ఒకసారి ఆగి గోడ పట్టుకున్నావు. రమేష్ నిచ్చెన ఎక్కబోయాడు. నువ్వు వద్దని చెయ్యి ఊపి మళ్లీ గొట్టం ఎత్తావు. మిక్సరు ఆగలేదు. గమేళాల వరస తెగలేదు. ఆఖరి మూల సోములు బాబాయి బద్ద లాగి “అయిపోనాది అన్నా” అని కేకేసినప్పుడు ఇంకా ఎండ ఉంది. నా ఇంటి కప్పు మీద ఎక్కడా గీత లేదు నాన్నా. నాకు ఎంత గర్వంగా ఉందో రాయడానికి నా దగ్గర మాటలు తక్కువగా ఉన్నాయి. నా చేతిరాత ఎలాగూ నీ అంత బాగుండదు.

తర్వాత నువ్వు సంచి పరుచుకుని కూర్చున్నావు. అమ్మ చేసిన బెల్లం పానకం బిందె తెచ్చి ముందు పెట్టింది. మిరియాలు, శొంఠి వాసన వీధి దాకా వచ్చింది. గ్లాసులు పాతవే. నువ్వు చెంబు ఎత్తి, పెద్దవాళ్లతో మొదలు అన్నావు. సోములు బాబాయి ముందుకు జరిగాడు. నువ్వు పొయ్యలేదు. తలెత్తి చూశావు. ఆడవాళ్లు ఎప్పట్లాగే అన్నం పొట్లాలు పట్టుకుని గేటు వైపు నడుస్తున్నారు.

“అసిరమ్మా, ఎక్కడికి పోతన్నావు? నీకంటె పెద్దోళ్లు ఇక్కడ ఎవులున్నారు?” అన్నావు.

ఆవిడ అక్కడే ఆగిపోయింది. ఏటి మేస్త్రీ, నాకా అంది. అవునన్నావు. ఆవిడ వెనక్కి వచ్చి, పొట్లం కింద పెట్టి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. సిమెంటు పోయేదాకా కడుక్కుంది. అందరూ గ్లాసులు ముట్టకుండా ఆగారు. అప్పుడు వచ్చి నీ ఎదురుగా, మగవాళ్ల మధ్య, కొంగు సర్దుకుని కూర్చుంది. ఇన్నేళ్లుగా నీ జట్టులో అందరికంటే పెద్దది ఆవిడే కదా నాన్నా. నీ గ్లాసు ఆవిడ దగ్గరికి వెళ్లడానికి మధ్యలో ఉన్న సీసా పోవలసి వచ్చింది.

సోములు బాబాయి తాగి, ఇది కూడా ఎక్కేలాగే ఉన్నాది వదినా అన్నాడు, అమ్మతో. అమ్మ అంతగా నవ్వడం నేను ఈ మధ్య చూడలేదు. గంగులు బాబాయి రాలేదు. వస్తాడేమోనని నువ్వు గేటు వైపు రెండు మూడుసార్లు చూడడం నేను చూశాను. అతని వాటా కూర అసిరమ్మే అతనింటికి పట్టుకెళ్లి ఇచ్చింది. తిన్నాడట.

ఇప్పుడు నేనొకటి చెబుతాను, నొచ్చుకోకు. మొదటి ఉత్తరంలో నువ్వు అడిగావు, రోడ్డు మీద పడ్డానా, చెయ్యెత్తానా అని. లేదు. నువ్వు మమ్మల్ని ఎప్పుడూ ఏమీ అనలేదు. కానీ చిన్నప్పుడు సాయంత్రం నువ్వు వచ్చే వేళకి నేను పుస్తకం మూసేసి చెవి పెట్టి కూర్చునేదాన్ని. గుమ్మంలో చెప్పులు ఒకదాని పక్కన ఒకటి విడిచిన చప్పుడు వస్తే బడి సంగతులు చెప్పొచ్చు, సంతకం అడగొచ్చు. ఈడ్చి వదిలిన చప్పుడు వస్తే మర్నాటికి ఆగాలి. అదేమీ పెద్ద కష్టం కాదు. మా తరగతిలో చాలామందికి వాళ్ల నాన్నల చెప్పుల చప్పుడు తెలుసు. మాకది మామూలే అనుకున్నాం. ఆసుపత్రిలో ఆ ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాకే, ఎన్ని ఇళ్లలో పిల్లలు అలా వింటూ కూర్చుంటారో నాకు అర్థమైంది.

ఎల్లుండి స్లాబు అని నువ్వు రాసిన మర్నాడు నువ్వు ముందుగానే వచ్చి మా అద్దె ఇంట్లో దిగావు గుర్తుందా? నేను వంటింట్లో పప్పు తాలింపు పెడుతున్నాను. నువ్వు ఎప్పుడు వచ్చావో, చెప్పులు ఎలా విడిచావో నేను వినలేదు. వినాలని గుర్తు కూడా రాలేదు. వెనక నుంచి వచ్చి, ఏం వండుతున్నావే అన్నావు. తాలింపు మాడిపోయింది.

అమ్మ ఇందాకే ఫోన్ చేసింది. మీసం తీసేశావట. ఊళ్లో జూటు మిల్లు గేటు దగ్గర నిన్ను ఎవరూ గుర్తుపట్టలేదట. మందుల కోసం విజయనగరం వెళ్లినప్పుడు ఈసారి నా పేరు చెప్పు. చెప్పకపోతే నేనే ఆ డాక్టరమ్మకి ఫోన్ చేస్తాను.

సోమవారం నుంచి నేను ఆసుపత్రి తరఫున ఆ ప్రశ్నలతో మళ్లీ ఇల్లిల్లూ తిరగాలి. ఏ ఊళ్లో అడిగినా మగవాళ్లు ఒకే మాట అంటారు, అందరూ తాగుతారు తల్లీ, కష్టం చేసేవాడు తాగకుండా ఉంటాడా, ఉంటే ఒక్కణ్ణి చూపించు అని. ఇన్నాళ్లూ నా దగ్గర జవాబు ఉండేది కాదు. నువ్వు కూడా అదే అడిగావు, పేరు చెప్పు, వెళ్లి చూసొస్తాను అని.

ఇకమీదట ఎవరైనా అలా అడిగితే, నెల్లిమర్ల వెళ్లి నరసింగరావు మేస్త్రిని చూసి రండి, మా నాన్నే అని చెబుతాను. చెప్పొచ్చు కదా?

నువ్వు కప్పు వేసిన ఇంట్లో ఉండబోయే
నీ పాప,
శ్రావణి